సీలింగు లోపలి లైట్లు: కనబడని వైర్లతో జాగ్రత్త

పెద్దవారు ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వస్తున్నారంటే చాలామంది ఆ గదికి రంగులు వేయించి, లైట్లు కూడా మార్పిస్తారు. మంచిదే. రాత్రిపూట బాత్‌రూమ్‌కు లేచినప్పుడు జారిపడకుండా వెలుతురు కాపాడుతుంది. అయితే ఇప్పుడు గోడకు ట్యూబ్‌లైటు బిగించే బదులు, ఫాల్స్ సీలింగ్ చేయించి అందులో రంధ్రాలు కోసి గుండ్రటి లైట్లు అమర్చుకునేవారు ఎక్కువయ్యారు. చూడడానికి అవి ముచ్చటగానే ఉంటాయి. కాని వాటి వైర్లు, జాయింట్లు, డ్రైవర్లు అన్నీ మన కంటికి కనబడని చోట ఉంటాయి. అక్కడ జరిగిన తప్పు ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. బయటపడినప్పుడు షాక్‌ రూపంలోనో, మంటల రూపంలోనో బయటపడుతుంది.

ఈ పనిని మీరే చేసుకోమని చెప్పడం మా ఉద్దేశం కాదు. చేయించేటప్పుడు ఏమి అడగాలో, ఏమి చూడాలో తెలియజేయడానికే ఈ వివరాలు.

చిన్న లైటే కదా!

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. షాక్ తీవ్రత శరీరం గుండా ఎంత కరెంటు, ఎంతసేపు ప్రవహించింది అన్నదానిపై ఆధారపడుతుంది. 1 మిల్లీ ఆంపియర్ దగ్గర జిల్లుమంటుంది. 10 దాటితే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న వైరును వదలలేకపోవచ్చు. 50 దాటి కొద్ది సెకన్లు ప్రవహించినా గుండె లయ తప్పి ఆగిపోయే ప్రమాదం ఉంది. 9 వాట్ల ఎల్‌ఇడి లైటు వాడుకునే కరెంటే దాదాపు 40 మిల్లీ ఆంపియర్లు. లైటు చిన్నదైనా దాని వెనుక ఉన్న వైరు చిన్నది కాదని గుర్తుంచుకోండి.

పని మొదలుపెట్టే ముందు

బల్బు, స్విచ్ వంటివి మార్చడం వేరు, కొత్త వైరింగ్ వేయడం వేరు. కొత్త వైరింగ్‌ను లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారా, అర్హత ఉన్నవారి పర్యవేక్షణలోనే చేయించాలి.

మెయిన్ ఆపితే చాలదు. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో మెయిన్ ఆపిన మరుక్షణం ఇన్వర్టర్ అందుకుంటుంది, లైట్ల లైనులో కరెంటు అలాగే ఉంటుంది. చాలా ఇళ్లలో ఇన్వర్టర్‌కు కలిపేది లైట్లు, ఫ్యాన్లే. కాబట్టి మెయిన్‌తోపాటు ఇన్వర్టర్‌ను కూడా ఆపించి, టెస్టర్‌తో చూసిన తర్వాతే వైరు ముట్టుకోవాలి. ఆపిన స్విచ్‌ను పొరపాటున ఎవరూ వేయకుండా ఇంట్లోవారు ఒకరు అక్కడ ఉండడం మంచిది.

సీలింగు మూయకముందే చూడవలసినవి

1. లైట్ల లైనుకు ఐఎస్‌ఐ గుర్తు గల 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడాలి. వైర్లను సీలింగు మీద ఊరికే పరచకుండా పైపుల్లో నడిపించాలి. ఎలుకలు కొరికేది ముందుగా ఇలా వదిలేసిన వైర్లనే.

2. వైర్లను మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయకూడదు. వేసవిలో స్లాబు వేడికి టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. ప్రతి జాయింటూ కనెక్టరుతో బిగించి, మూత ఉన్న పెట్టెలో ఉండాలి.

3. స్విచ్ ఫేజ్ వైరు మీదే ఉండాలి. న్యూట్రల్ మీద ఉంటే స్విచ్ ఆపినా లైటు దగ్గర కరెంటు ఉంటుంది. ఆపిన తర్వాత కూడా ఎల్‌ఇడి మసకగా వెలుగుతుంటే, దీనికి ఇది ఒక కారణం కావచ్చు.

4. లోహపు బాడీ ఉన్న లైట్లకు, సీలింగు ఇనుప ఫ్రేముకు ఆకుపచ్చ ఎర్త్ వైరు కలపాలి. వైరు తొడుగు చిట్లి ఫ్రేముకు తగిలితే సీలింగంతా షాక్ కొట్టవచ్చు.

5. ఒక లైట్ల సర్క్యూట్‌లో పది పాయింట్లు, 800 వాట్లు దాటకూడదు.

6. పాత 50 వాట్ల హాలోజన్ లైట్లు విపరీతంగా వేడెక్కుతాయి. వాటికన్నా ఎల్‌ఇడి మేలు. అయినా దాని డ్రైవర్‌కు గాలి ఆడే చోటు కావాలి. ఎండ వేడి తగ్గాలని పైన పరిచే థర్మోకోల్ సులువుగా అంటుకుంటుంది. అది లైటుకు తగలకూడదు.

7. బాత్‌రూమ్‌లో తేమ, ఆవిరి చొరబడని రకం లైట్లే వాడాలి.

సీలింగు మూయకముందు వైరింగ్ మొత్తాన్ని ఫోటో తీసి దాచుకోండి. తర్వాత రిపేరుకు వచ్చినవారికి అది ఎంతో ఉపయోగపడుతుంది.

ఎంసిబి ఉంటే చాలదా?

చాలదు. ఎంసిబి కాపాడేది వైరును, మనిషిని కాదు. 10 ఆంపియర్ల ఎంసిబి, మనిషి గుండా ప్రాణం తీసేంత కరెంటు ప్రవహిస్తున్నా పడిపోదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సిసిబి. కరెంటు దారితప్పి నేలకు పోతుంటే అది క్షణంలో సరఫరా ఆపేస్తుంది. దాని మీది టెస్ట్ బటన్ మూడు నెలలకోసారైనా నొక్కి చూడండి, పడిపోకపోతే వెంటనే మార్పించండి. రోగి ఇంట్లో ఆక్సిజన్ యంత్రం వాడుతుంటే దానికి లైట్లతో కలవని వేరే లైను, వేరే ఆర్‌సిసిబి ఇప్పించండి. లైట్ల దగ్గర ఏదో లోపం వచ్చి యంత్రం ఆగిపోకూడదు.

కాలిన వాసన, సీలింగు మీద గోధుమరంగు మచ్చ, లైటు మినుకుమినుకుమనడం, వానలో స్లాబు నుంచి నీరు కారడం, ఆర్‌సిసిబి తరచుగా పడిపోవడం ప్రమాద సూచనలు. ఆ సర్క్యూట్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.

షాక్ కొడితే

• మనిషిని ముట్టుకోవద్దు. ముందు మెయిన్, ఇన్వర్టర్ ఆపండి. ఆపలేకపోతే పొడి చెక్క మీద నిలబడి, పొడి కర్రతో వైరును తప్పించండి.

• 108కు ఫోన్ చేయండి. స్పృహ, శ్వాస లేకపోతే రొమ్ము ఎముక మధ్యభాగం కంటే కొంచెం దిగువన రెండు చేతులతో 5 సెంటీమీటర్ల లోతుకు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు చొప్పున నొక్కండి. సహాయం వచ్చేవరకు ఆపవద్దు.

• స్టూలు మీదనుంచి పడినవారిని లేపి కూర్చోబెట్టకండి. వెన్నెముకకు దెబ్బ తగిలి ఉండవచ్చు.

• కాలినచోట 20 నిమిషాలు చల్లని నీరు పోయండి. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు రాయవద్దు.

• “ఇప్పుడు బాగానే ఉన్నాను” అన్నా ఆసుపత్రికి తీసుకురండి. పైన చిన్న మచ్చే కనబడినా లోపల కండరాలు, గుండె దెబ్బతిని ఉండవచ్చు. ఇసిజి తీసి చూస్తేగాని తెలియదు.

ఇంటికి వచ్చే రోగికి వెలుతురు అవసరమే. ఆ వెలుతురు ఇంకొకరిని ఆసుపత్రికి పంపకుండా చూసుకోవడం మన చేతిలోనే ఉంది.