లూయీజ్ ఫరాంక్ ఛాంబర్ సంగీతము

లూయీజ్ ఫరాంక్ (మే 31, 1804 - సెప్టెంబరు 15, 1875) ఫ్రాన్సు దేశానికి చెందిన స్వరకర్త, పియానో విద్వాంసురాలు. రొమాంటిక్ యుగానికి చెందిన ఈమె రచనలలో ఛాంబర్ సంగీతము ముఖ్యమైనది. కొద్దిమంది వాద్యకారులు, ఒక్కొక్క భాగానికి ఒక్కరు చొప్పున వాయించే సంగీతాన్ని ఛాంబర్ సంగీతము అంటారు.

జీవితము

పారిస్ నగరంలో జన్మించిన ఈమె ఆంటోన్ రైఖా వద్ద స్వరరచన అభ్యసించినది. 1842 నుండి 1872 వరకు పారిస్ కన్సర్వేటరీలో పియానో ఆచార్యురాలిగా పనిచేసినది. 1859లో కుమార్తె విక్టోరిన్ మరణించిన పిమ్మట స్వరరచనను దాదాపు విరమించినది.

ముఖ్య రచనలు

* రెండు పియానో క్వింటెట్లు (1839, 1840). వీటిలో పియానోతో పాటు వయొలిన్, వయోలా, చెల్లో, డబుల్ బాస్ ఉంటాయి.
* నోనెట్ (1849). ఇది నాలుగు తంత్రీ వాద్యములు, ఐదు సుషిర వాద్యముల కొరకు వ్రాయబడినది.
* క్లారినెట్, ఫ్లూటులతో కూడిన ట్రియోలు, వయొలిన్, చెల్లో సొనాటాలు.

నోనెట్, సమాన వేతనము

కన్సర్వేటరీలో ఈమెకు అదే స్థాయిలోని పురుషుల కంటె తక్కువ వేతనము లభించేది. 1850లో జరిగిన నోనెట్ ప్రదర్శనలో ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యోసెఫ్ యోఆఖిం పాల్గొన్నాడు. ఆ రచన ఘనవిజయము పొందిన తరువాత ఈమె కోరిన సమాన వేతనము మంజూరైనది.

ఆదరణ

ఛాంబర్ సంగీతమునకు గాను 1861, 1869 సంవత్సరాలలో ఈమెకు షార్టియే బహుమతి లభించినది. అయితే నాటి పారిస్ శ్రోతలకు ఒపేరాపై మక్కువ ఎక్కువ. మరణానంతరము ఈమె రచనలు మరుగున పడినవి. 20వ శతాబ్ది చివరి దశకాలలో వీటి ముద్రణ, ధ్వనిముద్రణ తిరిగి మొదలైనవి. స్త్రీ వ్రాసినదన్న విశేషము కొరకే గాక, ప్రతి వాద్యానికి సముచిత స్థానమిచ్చిన కూర్పు కొరకు కూడా ఇవి వినదగినవి.