బడిపంతులు పెంచిన వెనుక వరుస

కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల బడి మైదానములలో ఫుట్‌బాల్ ఆట మొదలైనచో, బంతి ఉన్నచోటికే పిల్లలందరును పరుగిడుదురు. గోలు వేయవలెనని అందరికిని ఉబలాటమే; వెనుక నిలిచి కాచుటకు ముందుకు వచ్చువారు అరుదు. అమెరికాలో ఫుట్‌బాల్ అనబడునది వేరొక ఆట. అందు ప్రత్యర్థిని అడ్డుకొనుటయే పనిగాగల ‘లైన్‌మన్’ బంతిని తాకుటయే అరుదు. అట్టివారిలో కొందరు కళాశాల విడిచిన పిమ్మట ఉన్నత పాఠశాలలలో శిక్షకులై, తాము మోసిన బరువు విలువను పిల్లలకు నేర్పుదురు.

మన తెలంగాణమున కళాశాల మైదానమునుండి బడికి నడచి, వెనుక వరుస విలువను దేశమునకే నేర్పినవారు సయ్యద్ అబ్దుల్ రహీంగారు. 1909లో హైదరాబాదున జన్మించిన ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయ జట్టులో ఆడిరి. పిదప ఉపాధ్యాయులై, వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, నగరములోని ఉన్నత పాఠశాలలలో ఆటలు నేర్పిరి. 1950లో హైదరాబాదు పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను.

రహీంగారి పద్ధతి బడిపంతులు పద్ధతియే. కుడికాలివాటము గలవానికి బంతి ఎడమప్రక్కకు వచ్చినచో, దానిని త్రిప్పుకొనుటకు ఒక క్షణము పట్టును. ఆ క్షణముననే ప్రత్యర్థి మీదబడును. కావున వాటములేని కాలితోనే ఆడవలెనని ఆయన పోటీలు పెట్టించిరి. బంతిని తనయొద్ద ఉంచుకొనక, ఒక్క తాకుతో తోటివానికి అందించుటను అలవరచిరి.

1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10–1 గోలులతో ఓడెను. పాత పద్ధతిలో వెనుక వరుసన నిలుచువారు ఇద్దరే. రహీంగారు క్రమముగా ఆ వరుసకు బలము చేకూర్చి, 1962 నాటికి నలుగురిని నిలిపిరి. ఈ నడుమ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో మనము ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి, తుదకు నాలుగవ స్థానము పొందితిమి.

1962లో జకార్తా ఆసియా క్రీడలయందు వెనుక వరుస వీరుడు జర్నైల్ సింగ్ తలకు గాయమయ్యెను. రహీంగారు ఆయనను ముందు వరుసకు పంపిరి. దక్షిణ కొరియాతో జరిగిన తుదిపోటీలో పి.కె. బెనర్జీ ఒక గోలును, జర్నైల్ సింగ్ మరియొక గోలును వేయగా, 2–1తో స్వర్ణపతకము మనదయ్యెను. అప్పటికే రహీంగారిని క్యాన్సరు వ్యాధి పీడించుచుండెను. 1963 జూన్ మాసమున ఆయన పరమపదించిరి.

ఆనాటి తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణము మనకు మరల దక్కలేదు. మేము చెప్పదలచినది ఒక్కటే. వాటములేని కాలితో ఆడించుటకు ధనమక్కరలేదు. ఒక బంతి, ఒక మైదానము, ఓపికగల పంతులు చాలును. తల్లిదండ్రులు ఆటల గంటను వృథా కాలముగా నెంచక, వెనుక నిలిచిన పిల్లవానినిగూడ మెచ్చుకొందురుగాక.