బల్లమీది రణరంగము, గెలుపు లెక్క

ఇంగ్లండు దేశపు చిన్న పట్టణములలో ఆదివారమునాడు ఊరి సమావేశమందిరమును ఒక దినమునకు అద్దెకు గైకొని, బల్లలు బారులుగా వేసి, వానిపై పచ్చని గుడ్డ పరచి, అట్టతోను నురగపలకతోను చేసిన కొండలను, గుబురులను, వాగులను అమర్చి, అంగుళమంతటి సైనికుల బొమ్మలను ఎదురెదురుగా నిలిపి యుద్ధక్రీడ నడపు క్లబ్బులు అనేకములు కలవు. ఈ బొమ్మలను కొనితెచ్చినంత మాత్రమున పని తీరదు. ముక్కలుగా వచ్చినవానిని అతికి, సన్నని కుంచెతో కవచమునకొక వన్నె, కంచుకమునకొక వన్నె, కనుబొమకొక వన్నె దిద్ది, అడుగున ఇసుకయు గడ్డియు అంటించి ఒక సైన్యమును సిద్ధపరచుటకు మాసములు పట్టును. అట్టి సైన్యమును పెట్టెలో భద్రముగా సర్దుకొని ఉదయమే వచ్చిన పదునారుగురో ఇరువదిమందియో, సాయంకాలమునకు తమలో విజేత యెవడో తేల్చుకొని ఇండ్లకు మరలవలెను.

చదరంగమునందు రాజు చిక్కినచో ఆట ముగియును, సందేహమునకు తావుండదు. ఈ క్రీడయందట్లు కాదు. ఒకడు కొండను పట్టుకొని సగము సేనను పోగొట్టుకొనును. వేరొకడు సేనను కాపాడుకొని కొండను విడిచివేయును. వీరిలో గెలిచినవాడెవడు? ఎంతమేరకు గెలిచెను? ఈ ప్రశ్నలకు నిర్వాహకుడు ముందుగానే వ్రాసియుంచిన సమాధానమే పాయింట్ల పట్టిక. దానిని కేవలము గుమాస్తాపని యని తలంచువారు కలరు. నా యభిప్రాయము వేరు. ఏది లెక్కకు వచ్చునని చెప్పుదుమో దానినే ఆటగాడు వెదకును గావున, ఆ దినమున ఆ మందిరములో మనుష్యులు ఒకరితోనొకరు ఎట్లు ప్రవర్తింతురో నిర్ణయించునది చాలవరకు ఆ పట్టికయే.

ఈ క్రీడావంశమునకు మూలపురుషుడు మన దేశమువాడే. రథ గజ తురగ పదాతులతో ఇచ్చట పుట్టిన చతురంగము పారశీకుల మీదుగా, అరబ్బుల మీదుగా ఐరోపా ఖండము చేరెను. 1780లో జర్మనీలోని బ్రున్స్విక్ నగరమున హెల్విగ్ అను గణితోపాధ్యాయుడు ఆ చదరంగమునే విస్తరించి, 1,617 గళ్ళ పలకపై కొండలను, నీటిని, బయళ్ళను వేర్వేరు రంగులతో సూచించుచు, ఫిరంగులతో కూడిన యుద్ధక్రీడ నొకదానిని ప్రకటించెను. పిదప 1812లో రైస్విట్జ్ అను ప్రభువు ప్రష్యారాజునకు గళ్ళు లేని నేలనమూనాలతో ఇంకొక ఆటను సమర్పించెను. ఆయన కుమారుడు, ఫిరంగిదళమున ఉద్యోగి, 1824లో దానిని సంస్కరించి, నిజమైన దేశపటముపై పాచికల సాయముతో సైన్యాధికారుల శిక్షణకు తగినట్లు తీర్చెను. అందు మధ్యవర్తి యొకడు కూర్చుండి, ఇరుపక్షముల ఆజ్ఞలను చదివి, పాచిక వేసి, నష్టములను పట్టికలో చూచి ప్రకటించుచుండెను. అచ్చట ప్రధానము విద్య, బహుమతి కాదు. కావున ఎవడెన్ని పాయింట్లతో గెలిచెనను లెక్కతో వారికి ప్రసక్తి లేకపోయెను. 1913లో హెచ్. జి. వెల్స్ 'లిటిల్ వార్స్' అను పుస్తకము వ్రాసి ఈ వినోదమును సైనిక పాఠశాలనుండి గృహస్థుని గదిలోనికి దెచ్చెను. ఆటఫిరంగినుండి చిన్న కొయ్యముక్క యెగిరి తగిలి పడిపోయిన బొమ్మ మృతుడైనట్లే లెక్క. ఒక్కొక్క వంతునకు కాలపరిమితి యుండవలెనని నాడే ఆయన నియమించెను. ఆ చింత నేటి పోటీలనుకూడ విడువలేదు.

మధ్యవర్తి తొలగి ఇరువురే ఆడుకొనుట ఆరంభమైన పిదప, సేనలు సమబలములని ఇద్దరును ఒప్పుకొనుటకు ఒక కొలత కావలసివచ్చెను. ఇందుకు రెండు మార్గములు ఏర్పడినవి. ప్రతి దళమునకు ఒక వెల కట్టి, ఇంత వెలకు మించి ఎవడును తేరాదనుట ఒక మార్గము. ప్రతివానికి సమసంఖ్యలో దళములనిచ్చుట రెండవ మార్గము. రెండవదానికి చక్కని ఉదాహరణము ఫిల్ బార్కరును ఆయన సహచరులును 1990లో ప్రకటించిన 'డి బెల్లిస్ యాంటిక్విటాటిస్'. ఆటగాండ్రు దానిని డి.బి.ఏ. అందురు. ప్రాచీన మధ్యయుగముల సైన్యములకు ఉద్దేశింపబడిన ఈ ఆటలో ప్రతివానికి పండ్రెండే దళములు. చిన్నబొమ్మలతో ఆడునప్పుడు రెండడుగుల చదరపు బల్ల చాలును. ప్రాచీన భారతసేనకును ఇందు స్థానము కలదు: ఏనుగులు, రథములు, అశ్వికులు, విలుకాండ్రు.

ఈ ఆట నియమములను కొంచెము తాళి చూడదగును. ఇరువురిలో రక్షకుడెవడో, ఆక్రమించువాడెవడో పాచికతో తేలిన పిదప, రక్షకుడు తన దేశస్వభావమునకు తగినట్లు కొండలను, అడవులను, నదిని బల్లపై అమర్చును. ఏ పక్క ఎవనిదో నిర్ణయించుటలో మాత్రము ఆక్రమించువానికి భాగముండును. పండు కోసినవాడొకడు, ముక్క నేరుకొనువాడింకొకడు అయినట్లు, నేలను తనకే అనుకూలముగా దిద్దుకొనవలెనను ఆశను ఈ నియమము సగమునకు సగము అణచివేయును. పిదప ప్రతి వంతునకు ముందు ఒక పాచిక వేయుదురు. ఎన్ని చుక్కలు పడునో, ఆ వంతునకు సేనానికి ఇంచుమించుగా అన్ని ఆజ్ఞలే. ఒక్క చుక్క పడినచో, వరుసగా కూడియున్న పటాలమును ఒకదానిని మాత్రము కదల్చి తక్కినవారిని చూచుచు నిలువవలెను. కావుననే నేర్పరి తన దళములను చెదరనీయక ఒక్క ఆజ్ఞతో నడచునట్లు కూర్చుకొనును. దళములు తాకినప్పుడు ఇరువురును పాచిక వేసి, దళబలమును స్థానబలమును కూడుదురు. తక్కువ వచ్చినవాడు వెనుకకు తగ్గును. ఎదుటివానిది తనదానికి రెండింతలైనచో సాధారణముగా ఆ దళము నశించును. ఏనుగు గుఱ్ఱపు వీరులను నుగ్గుచేయగలదు గాని, చెదరియాడుచు ఈటెలు విసరు తేలికపాటి కాల్బలముచేతిలో ఓడినచో తానే నశించును. గజబలముగల సేనను నడపువాడు కావున శత్రువుయొక్క గుఱ్ఱములకంటె ఆ కాలిబంట్లను ఎక్కువగా కనిపెట్టియుండవలెను. చరిత్ర చదివిన సంతోషమును ఆట ఆడిన సంతోషమును ఒక్కచోట కలుగజేయు నియమములు ఇట్టివి.

దీని అంత్యనియమము మరింత గమనింపదగినది. వంతు ముగియు వేళకు ఎవని పండ్రెండు దళములలో నాలుగు నశించి, ఆ నష్టము ఎదుటివాని నష్టముకంటె అధికముగా నుండునో వాడు ఓడినట్లే. మూడవవంతు పోగానే సేన చెదరినదని భావింతురన్నమాట. చివరి బంటువరకు పోరాడుట అను అసహజమైన వీరత్వమునకు ఇచ్చట చోటు లేదు. ఒక్క దళముయొక్క విలువ ఎంతటిదో దీనివలన ఆటగానికి తెలిసివచ్చును. రెండు పోయినవెంటనే వాని చేయి జాగ్రత్తపడును. ఆటయు ఇంచుమించు ఒక గంటలో తెమలును గావున, ఒకే దినమున నాలుగైదు రౌండ్లు జరుపుటకు చిన్న క్లబ్బులకు ఇంతకంటె అనుకూలమైనది అరుదు.

వెల కట్టు మార్గమునకు ప్రసిద్ధోదాహరణము గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1987లో మొదట వెలువరించిన 'వార్‌హామర్ 40,000'. ఇది భవిష్యత్కాలపు కల్పితయుద్ధము. పోటీలలో సాధారణముగా ప్రతివాడును 2,000 పాయింట్లకు మించని సేనతో, 60 అంగుళముల పొడవు, 44 అంగుళముల వెడల్పు గల బల్లపై ఐదు వంతులు ఆడును. సేనయొక్క జాబితాను ముందుగానే నిర్వాహకునకు అందజేయవలెను. బల్లపై అక్కడక్కడ గుర్తులుంచి, ఆ స్థానములను పట్టి నిలిపినవానికి వంతు వంతునకు పాయింట్లు వేయుదురు. 2023లో వచ్చిన పదవ కూర్పు ననుసరించి, స్థానములను పట్టుట మొదలైన ప్రధానలక్ష్యమునకు 50, ఉపలక్ష్యములకు 40, సేనకంతకును రంగులు వేసి తెచ్చినందుకు 10, వెరసి 100 గరిష్ఠము. ఇందువలన శత్రుసేనను దాదాపు నిర్మూలించినవాడును ఓడిపోవచ్చును. వాడు చంపుచున్నంతసేపు రెండవవాడు స్థానములపై కూర్చుండి పాయింట్లు చేర్చుకొనియుండును. క్రొత్తవారికి ఇది అన్యాయముగా తోచును. కాని చంపుటకే పాయింట్లిచ్చిన పోటీలో ఇరువురును దూరమున నిలిచి ఫిరంగులు పేల్చుకొనుటకే మొగ్గుదురు. స్థానములకు పాయింట్లిచ్చినప్పుడే సేనలు నడిమికి కదలివచ్చును.

ఇక ఎవడెవనితో ఆడవలెనను విషయము. ఓడినవానిని ఇంటికి పంపు పద్ధతి ఇచ్చట పనికిరాదు. మాసములు శ్రమించి రంగులు వేసిన సేనను మోసికొనివచ్చినవానిని ఒక్క ఆటతో సాగనంపుట క్రూరము. కావున 1895లో జ్యూరిచ్ నగరపు చదరంగపోటీలో ప్రయోగింపబడిన స్విస్ పద్ధతిని అనుసరింతురు. మొదటి రౌండునకు చీట్లు వేసి జతలు కూర్తురు. పిదప గెలిచినవారికి గెలిచినవారితో, ఓడినవారికి ఓడినవారితో జత. అందరును అన్ని రౌండ్లును ఆడుదురు. డ్రాలు లేనప్పుడు ఎనిమిదిమందికి మూడు రౌండ్లలో, పదునారుగురికి నాలుగింటిలో ఓటమి యెరుగనివాడు ఒక్కడే మిగులును. చిక్కు ఎచ్చటననగా, వార్‌హామర్ ఆట ఒక్కొక్కటి మూడు గంటలు పట్టును గావున ఒక దినమున మూడు రౌండ్లకు మించి సాగవు. పదునారుగురు వచ్చినచో సాయంకాలమునకు అజేయులు ఇద్దరు తేలుదురు. ఒకే బహుమతి, ఇద్దరు విజేతలు.

అందుచేతనే గెలుపును మాత్రమేగాక గెలుపుయొక్క పరిమాణమునుగూడ కొలువవలసివచ్చినది. జట్లపోటీలలో ప్రచారముననున్న 20–0 పద్ధతిలో ప్రతి ఆటకు ఇరువది పాయింట్లుండును. ఆటలో ఇరువురును సాధించిన పాయింట్ల మధ్య భేదము 5 వరకైనచో 10–10; పిదప ప్రతి అయిదింటికి ఒక్కొక్క పాయింటు గెలిచినవాని వైపు జరుగును. 78–61 తో గెలిచినచో భేదము 17, కావున ఫలితము 13–7. భేదము 50 దాటినచో 20–0. జట్టులో ఈ లెక్క మహోపకారి. ఓడుచున్నవాడు సైతము ప్రతి పాయింటునకు పెనుగులాడి తనవారికి మేలు చేయగలడు. కాని ఒంటరిగా ఆడు స్థానికపోటీకి దీనిని తెచ్చినప్పుడు, మొదటి రౌండులో అనుభవము లేని పిల్లవాడు ఎదురుపడిన ఆటగాడు, గెలుపు ఖాయమైన పిదపగూడ వానిని నలిపివేయుటయే లాభమని గ్రహించును. వాడు దుష్టుడు గాడు. పట్టిక వానినట్లు చేయుమన్నది. ఇట్టి పోటీకి గెలుపు, డ్రా, ఓటమి అను మూడే లెక్కలుంచి, సమానులైనవారిని వారివారి ప్రత్యర్థులు సాధించిన ఫలితముల మొత్తమునుబట్టి వేరుచేయుట ధర్మమని నేను దృఢముగా నమ్ముదును. బలవంతులతో పోరాడి గెలిచినవాడు దానివలన పైకి వచ్చును. దుర్బలుని నలిపినందువలన ఎవనికిని ఏమియు రాదు.

కాలమును గూర్చి ఒక మాట. నూటయేబది బొమ్మలను తెచ్చినవాడు ప్రతి వంతునను వానినన్నిటిని జరుపుటకే అరగంట తీసికొన్నచో, ఐదు వంతులుగా తలపెట్టిన ఆట మూడవదానితో ముగియును. చివరి వంతులకై ఉపాయము పన్నుకొన్నవాడు నష్టపడును. చదరంగపు జంటగడియారమును బల్లపైనుంచి, ఇరువురికిని సమకాలము పంచుట దీనికి ఉత్తమోపాయము. గడియారము స్నేహభావమును చెరచునని కొందరందురు. ఎదుటివాని కాలమును అపహరించుటకంటె అది ఎక్కువ చెరచునని నాకు తోచదు.

కొలతలయందును తగవులు పుట్టుచుండును. టేపు పట్టి జరుపునప్పుడు పావంగుళము తేడా వచ్చును. పాచిక కొండవాలుపై ఒరిగి నిలుచును. ఒరిగిన పాచికను మరల వేయవలెననియు, బొమ్మ జరుపుటకు ముందే 'ఈ తుపాకీ అందని దూరమున నిలుపుచున్నాను' అని ఉద్దేశమును పలికి ఎదుటివాని సమ్మతి గొనవలెననియు అనుభవజ్ఞులు బోధింతురు. ఈ రెండవ అలవాటు సగము వివాదములను పుట్టకముందే తీర్చును. అప్పటికిని తీరనిచో న్యాయనిర్ణేతను పిలుతురు. ఆయన మాటయే తుదిమాట.

రంగులకును శీలమునకును పాయింట్లు వేయవలెనా అను చర్చ ఈ క్రీడాలోకమున చాలకాలముగా నడచుచున్నది. ఒకప్పటి పోటీలలో యుద్ధఫలితమునకు, చిత్రణకు, సౌజన్యమునకు, సేనను న్యాయముగా కూర్చినందుకు వేర్వేరుగా పాయింట్లు వేసి, అన్నిటిని కూడి సమగ్రవిజేతను నిర్ణయించుచుండిరి. చిత్రణవిషయమున నాకు ఆక్షేపణ లేదు. రంగు వేయని బూడిదవన్నె బొమ్మల గుంపునకు, దిద్ది తీర్చిన సేనకు నడుమ భేదము చూచినవాడు ఆ శ్రమకు కొంత గుర్తింపు కోరకమానడు. సేనకంతకును రంగులున్నవా లేవా అని మాత్రము చూచి స్థిరముగా 10 పాయింట్లిచ్చుట ఎవరి అభిరుచిమీదను ఆధారపడదు. సౌందర్యతారతమ్యమును భోజనవిరామమున ఆటగాండ్రందరును తిరిగి చూచి ఓటువేసి నిర్ణయించి, దానికి వేరు బహుమతి యిచ్చుట సముచితము. సౌజన్యమును పదింటికి కొలిచి ప్రధానమైన లెక్కలో కలుపుట మాత్రము హానికరము. చేతిలో పాయింట్లున్న ప్రత్యర్థి, ఓటమి కసితోనో, తన స్థానమును పైకి జరుపుకొనవలెననియో సజ్జనునికి సైతము సున్న వేయగలడు. అట్లు జరిగినదను ఫిర్యాదులవలననే అనేకులు ఆ పద్ధతిని విడిచిపెట్టిరి. దానికి బదులుగా దినాంతమున ప్రతివానిని 'నేడు నీవు ఆడినవారిలో ఎవనితో మరల ఆడగోరుదువు?' అని అడిగి ఒకే పేరు వ్రాయించుకొని, ఎక్కువమంది వ్రాసినవానికి ప్రత్యేకబహుమతి నిచ్చుట మేలు. ఈ ఓటు ఎవనిని క్రిందికి దింపదు. ర్యాంకుల పట్టికను తాకదు. ఇరువురకు సమానముగా వచ్చినచో, ఆటలలో తక్కువ స్థానమున నిలిచినవానికే ఆ బహుమతి చెందవలెనని నా సూచన. ఓడుచుగూడ ఎదుటివానికి ఆనందము కలిగించుట గెలుచుచు కలిగించుటకంటె కష్టము గదా.