బండిమీది అక్షరము

తిక్కన విరాటపర్వమును పాఠము చెప్పిన ఉపాధ్యాయులకు ఉత్తర గోగ్రహణ ఘట్టము చిరపరిచితము. ఉత్తరుడు సారథియై రథము తోలగా అర్జునుడు ఎదుటి సేనలోని వీరులను ఒక్కొక్కరినే చూపి చెప్పును. అతడు చెప్పిన ఆనవాళ్ళు ముఖములు కావు, రథములమీది గుర్తులు. బంగారు వేదిక గలవాడు ద్రోణుడు. సింహపు తోక గలవాడు అశ్వత్థామ. పాము గలవాడు దుర్యోధనుడు. తాటిచెట్టు గలవాడు భీష్ముడు. బండిని చూచి మనిషిని పోల్చుకొనుట మనకు అంత పాతది.

రథము పోయి లారీ వచ్చినను ఆ ముచ్చట పోలేదు. మహబూబ్‌నగర్ నుండి జడ్చర్లకు వచ్చి 44వ నంబరు జాతీయ రహదారి ప్రక్కన కొంతసేపు నిలిచినవారికి ఈ సంగతి బోధపడును. ఒక లారీ నుదుట కురుమూర్తి స్వామి, ఒక ట్రాక్టరుమీద మన్యంకొండ వేంకటేశ్వరుడు, ఒక ఆటోమీద అలంపురము జోగులాంబ, వేరొకదానిపై యజమాని బిడ్డల పేర్లు. ఊరిపేరు వ్రాయించుకొన్నవారు పలువురు ‘పాలమూరు’ అనియే వ్రాయించుకొందురు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పేర ఈ ఊరు 1890లో మహబూబ్‌నగర్ అయినది. కాగితములలో పేరు మారినది. జనుల నాలుకమీదను, బండ్లమీదను పాతపేరే నిలిచినది.

ఇట్టి పేరుపలకను చేయువాని పని బయటికి కనిపించినంత తేలిక కాదు. ముందుగా ఇనుప రేకును కొలత ప్రకారము కత్తిరించి, అంచులను ఆకురాయితో అరగదీసి, నాలుగు మూలల రంధ్రములు వేయును. రంధ్రములు తరువాత వేసినచో రంగు పగులును. ఉప్పుకాగితముతో త్రుప్పును, జిడ్డును రుద్ది పోగొట్టి ఎఱ్ఱని ప్రైమరు పూయును. గుంటలున్నచోట లప్పము పెట్టి, ఆరిన పిమ్మట మరల రుద్దును. ఆపైన వేసిన నేలరంగు బాగుగా ఆరినగాని అక్షరము మొదలుపెట్టడు. ఎనామెల్ రంగు గాలి సోకి పైనుండి ఆరును. తొందరపడి మందముగా పూసినచో పైపొర గట్టిపడి లోపల పచ్చిగా మిగిలి ముడుతలు పడును. పలుచగా రెండుమార్లు పూయుట ఈ విద్యలో మొదటి పాఠము.

రెండవ పాఠము తెలుగు లిపిది. ఆంగ్లపు పెద్దక్షరములు రెండు గీతల నడుమ ఒదిగి నిలుచును. తెలుగక్షరమునకు పైన తలకట్టో గుడియో ఉండును. క్రింద ఒత్తు దిగును. ‘శ్రీ కురుమూర్తి స్వామి’ అని వ్రాయవలెనన్న మూడు ఒత్తులకు ముందే చోటు విడువవలెను. లేకున్న చివరి అక్షరములు ఇరుకున పడును. నీడ వేయుటలోను ఒక నియమము కలదు. వెలుతురు ఒక వైపునుండియే వచ్చును గనుక ప్రతి అక్షరపు నీడ ఒకే ప్రక్కకు పడవలెను. వ్రాత ఆరిన తరువాత రేకునకు బండికి నడుమ రబ్బరు బిళ్ళలు పెట్టి బోల్టులు బిగించును. ఆ బిళ్ళలు లేకున్న బండి అదురుకు రంధ్రముల చుట్టు రంగు రాలి, త్రుప్పు అక్కడనే మొదలగును.

యజమాని కోరి వ్రాయించుకొన్నది ఒక పలక; ప్రభుత్వము కోరినది రెండవది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి నంబరు పలకకు కొలతలు విధించినది. కార్లు, లారీల వంటివానిపై అక్షరము ఎత్తు 65 మిల్లీమీటర్లు, మందము 10, అక్షరముల నడుమ ఎడము 10. ఈ లెక్కకు లోబడి చిత్రకారుడు ఏండ్ల తరబడి ‘ఏపీ 22’ అని వ్రాసెను. అది మహబూబ్‌నగర్ జిల్లా సంఖ్య.

తెలంగాణ ఉద్యమము తీవ్రమైన దినములలో, 2009 డిసెంబరు 9 నాటి కేంద్ర ప్రకటనకు తరువాతి కాలమున, పలువురు తమ బండ్లమీది ‘ఏపీ’ చెరిపించి ‘టీజీ’ వ్రాయించుకొనిరి. చట్టము దృష్టిలో అది తప్పు. వ్రాయించుకొన్నవారికి అది మాత్రము రానున్న రాష్ట్రమునకు ముందే పెట్టుకొన్న పేరు. 2014 జూన్ 2న రాష్ట్రము ఏర్పడినది. కాని ప్రభుత్వము నిర్ణయించిన అక్షరములు ‘టీఎస్’. మహబూబ్‌నగర్‌కు 06, నల్లగొండకు 05 వచ్చినవి. 2016లో జిల్లాలు విడిపోగా నాగర్‌కర్నూలుకు 31, వనపర్తికి 32, జోగులాంబ గద్వాలకు 33 సంఖ్యలు ఏర్పడినవి. తుదకు 2024 మార్చిలో క్రొత్త బండ్లకు ‘టీజీ’ అక్షరములు వచ్చినవి. జనులు ముందుగా వ్రాసినదానిని ప్రభుత్వము తరువాత వ్రాసినది.

అయితే ఆ అక్షరములు చట్టసమ్మతమైన నాటికి వానిని చేతితో వ్రాయు అవకాశము లేకపోయెను. 2019 ఏప్రిల్ 1 నుండి దేశమున తయారగు క్రొత్త బండ్లకు హై సెక్యూరిటీ పలక తప్పనిసరి అయినది. అల్యూమినియము రేకుమీద అక్షరములు అచ్చుగా ఉబ్బియుండును. అశోకచక్రపు హోలోగ్రాము, లేజరుతో చెక్కిన సంఖ్య ఉండును. ఊడదీసినచో మరల పనికిరాని తాళములు దానిని బిగించియుండును. దొంగబండ్లకు, దొంగ నంబర్లకు ఇది అడ్డుకట్ట. ఆ మేలును కాదనరాదు. కాని ‘ఏపీ’ని చెరిపి ‘టీజీ’ వ్రాసిన కుంచెకు, చట్టమొప్పిన ‘టీజీ’ పలకమీద తావు లేదు. పేరుపలకలను కూడ ఇప్పుడు కంప్యూటరు కత్తిరించిన స్టిక్కర్లు ఆక్రమించుచున్నవి. అవి త్వరగా వచ్చును, చౌకగా దొరకును. ఏ బండిమీద చూచినను అక్షరము ఒకే తీరుగ నుండును.

చేతివ్రాత అట్లు కాదు. ఒకడు వ్రాసిన ‘పాలమూరు’ వేరొకని ‘పాలమూరు’ వలె ఉండదు. లారీ వెనుక తలుపుపై, ట్రాక్టరు తొట్టిపై ఇంకను కుంచె పని మిగిలియున్నది. బడికి పోవు త్రోవలో అట్టి బండి నిలిచియున్నచో ఉపాధ్యాయుడు పిల్లలను ఒక్క క్షణము ఆపి, ఆ ఒత్తు ఎట్లు దిగినదో, ఆ నీడ ఏ వైపు పడినదో చూపవచ్చును. అక్షరమనగా నశింపనిది అని మనము చెప్పుదుము. బండిమీది అక్షరము మాత్రము ఎండకు వెలిసి, వానకు పెచ్చులూడును. ఎవరో ఒకరు కుంచె పట్టి మరల వ్రాయుచుండుటచేతనే అది ఇన్నాళ్ళు నిలిచినది.