విన్‌క్రిస్టిన్ స్ఫటిక నిర్మాణం – బిళ్ళగన్నేరు సాగుదారుకు దానితో గల సంబంధం

బిళ్ళగన్నేరు సాగు చేయదలచిన రైతు విస్తరణ శాస్త్రవేత్తను అడగదగిన ప్రశ్న ఒకటి ఉన్నది. క్యాన్సరు మందు ఈ ఆకులోనే ఉన్నప్పుడు, అంత ఖరీదైన మందుకు మూలమైన ఆకు ఇంత చవకగా ఎందుకు పోతున్నది? దళారులను నిందించి ఊరుకోవడం సులభమే. కాని సమాధానంలో పెద్ద భాగం ఆ మందు అణువు ఆకృతిలో ఉన్నది. ఆ ఆకృతిని 1965లో ఒక స్ఫటికం బయటపెట్టింది.

కాథరాంథస్ రోజియస్ అను ఈ మొక్క జన్మస్థానం మడగాస్కర్. జమైకాలో దీని ఆకును మధుమేహానికి వాడేవారు. ఆ వాడుకను పరీక్షింపబూనిన కెనడా శాస్త్రవేత్తలు రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్‌లకు ఎలుకల రక్తంలో చక్కెర తగ్గడం కనబడలేదు. తెల్లకణాలు మాత్రం తగ్గిపోయాయి. వారు 1958లో విన్‌బ్లాస్టిన్‌ను ప్రకటించారు. తరువాత ఎలై లిల్లీ సంస్థలో గోర్డన్ స్వోబోడా బృందం విన్‌క్రిస్టిన్‌ను వేరు చేసింది. 1963లో అమెరికాలో దాని వాడకానికి అనుమతి లభించింది.

ఈ రెండు ఆల్కలాయిడ్లూ జంట అణువులు. కాథరాంథిన్ నుండి ఏర్పడిన ఒక భాగం, విండోలిన్ అను మరొక భాగం ఒకే ఒక కార్బన్–కార్బన్ బంధంతో కలిసి ఉంటాయి. విన్‌బ్లాస్టిన్ సంకేతం C46H58N4O9. విన్‌క్రిస్టిన్ సంకేతం C46H56N4O10. విండోలిన్ భాగంలోని ఒక నత్రజనిపై మొదటిదానికి మిథైల్ సమూహం, రెండవదానికి ఫార్మైల్ సమూహం ఉంటుంది. అంత స్వల్పభేదంతోనే వైద్యంలో రెండింటి వినియోగం, దుష్ఫలితాలు వేరయ్యాయి.

రసాయన విశ్లేషణ, వర్ణపటాల ఆధారంగా రెండు భాగాలు ఎక్కడ కలిశాయో ఊహించగలిగారు. అయితే ఆ కలయిక వద్ద ఏ భాగం ఏ దిశకు తిరిగి ఉన్నదన్నది అసలు చిక్కు. ఎక్స్-కిరణాలను పరిక్షేపింపజేసేవి ఎలక్ట్రానులు. కార్బన్, నత్రజని, ఆక్సిజన్‌లలో ఎలక్ట్రానుల సంఖ్య దాదాపు సమానం కనుక, అంత పెద్ద అణువులో ఒకదానినుండి మరొకదానిని గుర్తించడం నాటి సాధనాలతో కష్టం. హార్వర్డ్‌లో మాన్‌క్రీఫ్, లిప్స్‌కోంబ్‌లు ఇందుకు విన్‌క్రిస్టిన్ మిథయోడైడ్ స్ఫటికాన్ని ఎంచుకొన్నారు. 53 ఎలక్ట్రానులు గల అయోడిన్, చీకటి గదిలో దీపంవలె, మిగిలిన పరమాణువుల స్థానాలకు ఆనవాలైనది. అంతేకాదు, అయోడిన్ చూపే అసంగత పరిక్షేపణం వలన అణువును దాని దర్పణ ప్రతిబింబం నుండి వేరుగా గుర్తించడం సాధ్యమైనది. కుడిచేతి తొడుగును ఎడమచేతి తొడుగు నుండి వేరు చేసినట్లే ఇది.

ఆ వివరం ఎంత అవసరమో 1970 దశకంలో తెలిసివచ్చింది. రెండు భాగాలను ప్రయోగశాలలో కలిపిన తొలి ప్రయత్నాలలో బంధం సరైన చోటనే ఏర్పడినా, దిశ తప్పింది. ఆ పదార్థం మందుగా పనిచేయలేదు. 1976లో ఫ్రాన్సులో పియేర్ పోతియే బృందం అతిశీతల పరిస్థితులలో చర్య జరిపి సహజ విన్యాసాన్ని సాధించింది. దిశకు ఇంత ప్రాముఖ్యం ఎందుకన్నది 2005లో మరొక స్ఫటికం వివరించింది. కణవిభజనకు అవసరమైన ట్యుబ్యులిన్ ప్రోటీను అణువుల నడుమ విన్‌బ్లాస్టిన్ చీలవలె దూరి, అవి తిన్నని నాళికగా పేరుకొనకుండా అడ్డుపడుతుంది.

ఇక పొలానికి వద్దాము. మొక్కలో నూరుకు పైగా ఆల్కలాయిడ్లున్నవి. కాథరాంథిన్, విండోలిన్ ఆకులో చెప్పుకోదగినంత ఉంటాయి. వాటి జంట మాత్రం అత్యల్పం. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలని అంచనా. దీనికొక ముచ్చటైన కారణం 2010లో వెల్లడైనది: కాథరాంథిన్ ఆకు పైపొరపై గల మైనంలోకి చేరుతుంది, విండోలిన్ లోపలి కణాలలో ఉండిపోతుంది. కలవవలసిన రెండూ ఒకే ఆకులో వేరు వేరు గదులలో ఉన్నవన్నమాట. కనుక ధరలో అధికభాగం ఆకుది కాదు, ఆ కొద్దిపాటి జంటను వేరుచేసే శ్రమది.

ఇందువలన మొత్తం ఆల్కలాయిడ్ల శాతం చూసి ఆకు నాణ్యతను నిర్ణయించడం సరికాదని నా అభిప్రాయం. ఆ శాతంలో అధికభాగం ఒంటి అణువులదే. విద్యార్థులు రకాలను పోల్చునప్పుడు హెచ్.పి.ఎల్.సి. ద్వారా ఒక్కొక్క ఆల్కలాయిడ్‌నూ విడిగా కొలవాలి. అయితే ఒంటి అణువులు వ్యర్థమని కాదు. వినోరెల్‌బిన్ వంటి మందులను వాటినుండే తయారు చేస్తున్నారు. 2022లో ఈస్టు కణాలచేత కూడ ఆ రెండు భాగాలను తయారు చేయించి, ప్రయోగశాలలో విన్‌బ్లాస్టిన్‌గా కలిపారు. కొనుగోలుదారుకు కావలసినది ఏదో విత్తుటకు ముందే అడిగి తెలుసుకొనుమని రైతుకు చెప్పవలసి ఉన్నది. వేరు కొనేవారు కోరునది అజ్మలిసిన్. ఆ లెక్క వేరు. 6, 9 నెలలలో దూసిన ఆకును, ఏడాదికి పెరికిన వేరును కలిపి ఎండబెట్టరాదు. ఆకును నీడలో ఆరబెట్టాలి.

మరొక మాట. చక్కెర వ్యాధికి ఈ ఆకు నమిలే అలవాటు మన గ్రామాలలోనూ ఉన్నది. ఇది విభజన చెందు కణాలను ఆపే పదార్థాలు గల ఆకు. పశువులు సైతం దీనిని ముట్టవు. సాగుపై శిక్షణ ఇచ్చు రోజుననే ఈ సంగతిని కూడ రైతు కుటుంబాలకు తెలియజేయాలి.