శాఖ దేనిని వెంబడించుచున్నది?

గిట్ అను సాధనమును లైనస్ టోర్వాల్డ్సు 2005వ సంవత్సరమున లినక్సు పనికై నిర్మించెను. ప్రోగ్రామునందు నానాఁట జరుగు మార్పులన్నిటిని ఇది భద్రపఱచును. మూలమునుండి వేఱుపడి సాగెడు పనికి బ్రాంచి, అనఁగా శాఖ, యని పేరు.

విద్యార్థులలో ననేకులు గిట్‌ను విజువల్ స్టూడియో కోడ్ అను ఎడిటరునుండియే నడుపుదురు. తెర యడుగున ఎడమమూల బ్రాంచిపేరును, దానిచెంత బాణములతో అంకెలును కనఁబడును. పైబాణము మన మింకను పంపని కమిట్లను, క్రిందిబాణము మనము తెచ్చుకొనవలసినవానిని తెలుపును. అంకెలు లేకున్నచో, అంతయు సర్వరునకు చేరినదని తలంచి బాలురు లేచిపోవుదురు. మోస మిక్కడనే యున్నది. మఱునాఁడు ఆ కంప్యూటరును తుడిచివేసినచో నెలదినముల పని పోవును.

బ్రాంచి వెంబడించు స్థానమునకు అప్‌స్ట్రీమ్ అని పేరు. ఏ రిమోటు, అందు ఏ బ్రాంచి యని గిట్ రెండే పంక్తులలో దీనిని వ్రాసికొనును. ఆ పంక్తులు లేనిచో పోల్చుట కేమియు లేదు గనుక అంకెలును రావు. అప్పుడు బ్రాంచిపేరు ప్రక్కన మేఘపుగుర్తు నిలుచును. దానిని నొక్కినచో బ్రాంచి సర్వరునకుఁ బోయి, అప్‌స్ట్రీమ్ కూడ ఏర్పడును.

అంకెలున్నను అవి సర్వరుతో నేరుగా పోల్చినవి కావు. కడపట ఫెచ్ చేసినపుడు మనయొద్ద నిలిచిన గుర్తుతో పోల్చినవి. అనకాపల్లి విపణిలో నిన్నటి బెల్లపుధరను గోడపై వ్రాసికొని, నేఁడు దానినే నమ్మి బండి కట్టినట్లుండును. మనము అనుమతింపనిదే ఈ ఎడిటరు తనంతట ఫెచ్ చేయదు.

ఆజ్ఞలు వ్రాయువారికి వేఱొక చిక్కు. సర్వరునందలి మెయిన్ నుండి 'బెల్లము' అను బ్రాంచిని తీసినచో, అది మెయిన్‌నే వెంబడించును. పుష్ చేయఁగా, పేర్లు కలియలేదని గిట్ నిరాకరించును. పిల్లలు దీనికి విసుగుకొందురు గాని, 2014లో వెలువడిన రెండవ సంపుటినుండి వచ్చిన యీ నిరాకరణము మిక్కిలి మేలైనది. లేనిచో పచ్చిపని మెయిన్‌లో పడును. 'గిట్ పుష్ -యు ఆరిజిన్ బెల్లము' అని ఆంగ్లాక్షరములతో కొట్టినచో సరియగును. ఈమాక్సునందలి మాజిట్ తెర, తెచ్చుకొను చోటును పంపు చోటును వేఱువేఱు పంక్తులలో చూపును. మా కదియే స్పష్టముగా తోఁచును.

సర్వరునందు బ్రాంచిని తొలఁగించినను, మనయొద్ద దాని గుర్తు మిగిలి, అంకెలు చచ్చినదానితోనే లెక్కింపఁబడుచుండును. 'గిట్ ఫెచ్ --ప్రూన్' చేసి, పిమ్మట 'గిట్ బ్రాంచ్ -వివి' అని యడిగినచో, అట్టి బ్రాంచిప్రక్కన పోయినదను అర్థముగల 'గాన్' అను మాట కనఁబడును. అందలి పని మెయిన్‌లో కలిసినదో లేదో చూచుకొనిన తరువాతనే మన ప్రతిని తీసివేయవలెను.