లక్షలమంది ఎందుకు కావాలి?

మగవారిలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథికి క్యాన్సర్ వచ్చే ముప్పును జన్యువుల ద్వారా అంచనా వేయాలంటే లక్షలమంది ఎందుకు కావాలి? బీఆర్‌సీఏ2 అనే జన్యువులో వచ్చే అరుదైన, బలమైన మార్పుల్లాంటివి పక్కన పెడితే, ఇక్కడ డీఎన్ఏలోని వందలాది చిన్న మార్పులు తలా ఒక చెయ్యి వేస్తాయి. నాణేన్ని పదిసార్లు ఎగరేస్తే ఆరుసార్లు బొమ్మ పడటం వింత కాదు. లక్షసార్లకు అరవై వేలసార్లు బొమ్మే పడితే మాత్రం ఆ నాణెంలో ఏదో తేడా ఉన్నట్టే. అలాగే ఒక మార్పు రోగుల్లో కాస్త ఎక్కువగా కనిపించడం కాకతాళీయమా, నిజమా అన్నది పెద్ద సంఖ్యలోనే తేలుతుంది. 2021లో సుమారు 2.34 లక్షలమందిని పరిశీలిస్తే 269 మార్పులు లెక్కకొచ్చాయి, 2023లో 9.4 లక్షలమందిని దాటాక అవి 451 అయ్యాయి.

మరి సంఖ్య పెంచుకుంటూ పోతే సరిపోదా? సరిపోదు. 2023 అధ్యయనంలోనూ ఎక్కువమంది ఐరోపా మూలాలవారే. ఏ మార్పు ఎంత తరచుగా ఉంటుందో, పక్క మార్పులతో ఎలా ముడిపడి ఉంటుందో వంశమూలాన్ని బట్టి మారుతుంది. కనుక అక్కడ కుదిరిన లెక్క మన తెలుగువారికీ అంతే బాగా కుదురుతుందనుకోవడం పొరపాటు. అందరినీ కలుపుకోకపోవడం అన్యాయం కూడా. ఎంత లెక్కించినా తేలేది అవకాశమే కదా, జాతకం కాదు కదా అంటారా? నిజమే. అయినా ఎవరికి పరీక్షలు ముందుగా మొదలుపెట్టాలో ఆలోచించే వైద్యుడికి ఆ అవకాశమే ఆధారం కాగలదు.